నన్ను గుర్తుపట్టారా?

పొద్దున్నుంచి కంప్యూటర్లు పనిచెయ్యక ఆఫీసులో ఎవరికీ కాలూ చెయ్యీ ఆడటం లేదు. వేరే దారిలేక కొందరు పక్క సీటువాళ్ళతో మాట్లాడారు. ఏడేళ్ళుగా పక్కపక్కనే కూర్చుంటున్న ఇద్దరికి ఒకరి పేరొకరికి ఇవాళే తెలిసింది.

మేనేజరు గదిలో విచారణ నడుస్తోంది. హెడ్డాఫీసు నుంచి సైబర్ సెక్యూరిటీ అనలిస్టు వచ్చింది. కంప్యూటర్లలో దొంగలు పడితే, లోపల్నుంచి తలుపు తీసిందెవరో కనిపెట్టడం ఆమె పని. తీసినాయన ఎదురుగానే కూర్చున్నాడు. స్టోర్సు గుమాస్తా. రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలుంది.

“కంపెనీ మొత్తానికి వచ్చిన మెయిలది. నొక్కిన మహానుభావుడు మీరొక్కరే!” అన్నాడు మేనేజరు. “రిపోర్టులో పేరెక్కితే ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?”

“తెలుసు సార్.”

“మెయిల్లో ఏముంది?” లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా అడిగింది అనలిస్టు.

“‘నన్ను గుర్తుపట్టారా?’ అని ఉంది మేడమ్. కింద ఫొటో.”

“తెలియనివాళ్ళ మెయిల్ తెరవొద్దని చెప్పారు కదా?”

“తెలిసినవాళ్ళు కొత్తగా రాసేదేముంది మేడమ్? మా పెద్దమ్మాయి ఇల్లొదిలి వెళ్ళి ఐదేళ్ళయింది. మళ్ళీ నీ మొహం చూపించకు అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ నా మాట వినలేదు. ఆ ఒక్కటీ వింది.”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “దానికీ ఆఫీసు మెయిలుకీ ఏంటయ్యా సంబంధం?”

“ఇల్లు మారాం, నంబర్లు మారాయి. తనకి తెలిసిన అడ్రసు ఇదొక్కటే మిగిలింది సార్. ప్రమోషన్ తీసుకుంటే స్టోర్సు వదలాలి, ఈ అడ్రసూ పోతుంది. అందుకే వద్దన్నాను.”

“ఓరి మీ ఇల్లు బంగారంగానూ! వైరాగ్యం అనుకున్నాం మేం. పార్టీ ఎగ్గొట్టడానికని కొందరన్నారు.”

“ఫొటోలో... ఎవరున్నారు?” అంది అనలిస్టు.

“తెరుచుకోలేదు మేడమ్. చక్రం తిరుగుతూనే ఉంది. రెండు నిమిషాలు తిరిగి, అంతా ఆగిపోయింది.” ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “ఆ రెండు నిమిషాలూ బావుంది.”



“జాలిపడితే కొంపలు మునుగుతాయి మేడమ్. పేరు రాసెయ్యండి,” అన్నాడు మేనేజరు. ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళాడు.

తలుపు మూసుకుంది. ఆమె రిపోర్టులో పేరు టైపు చేసి, లాప్‌టాప్‌ని ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

“తప్పు పేరు పడింది,” అన్నాడు.

“అక్కేమోనని ముందు నేనే నొక్కాను, నాన్నా.”