ఏడో మంచం మీది దీపం

ఆ సర్కారు ఆసుపత్రిలో కరెంటు ఆదా చేసే పని భవనానికే అప్పగించారు. మనిషి ఒంటి వేడి తగిలినంతసేపే మంచం దగ్గర దీపం, ఫ్యాను, ఆక్సిజన్ పనిచేసేవి. వేడి తగ్గితే మంచం ఖాళీ అయిందనుకుని భవనం అన్నీ ఆపేసేది. దీపం ఆరిందంటే బంధువులు ఏడుపు అందుకునేవారు.

ఆ మధ్యాహ్నం ఆయా కోటేశ్వరమ్మ నేల తుడుస్తుండగా ఏడో మంచం దీపం ఆరిపోయింది. ఆ మంచం మీది ముసలాయన భార్య బీబీజాన్ ఆయన మీద పడి బావురుమంది. కోటేశ్వరమ్మ అలవాటుగా దుప్పటి ముసుగు వేయబోయింది. ముసలాయన పెదవులు కదిలాయి.

"చీకటిగా ఉందేందే? కిటికీ తియ్."

కోటేశ్వరమ్మ దుప్పటి వదిలేసింది. "పెద్దమ్మా, ఏడవమాక! మంచమెక్కి ఆయన్ని గట్టిగా వాటేసుకో!" అని అరిచి, మంచుముద్దల్లా ఉన్న ఆయన అరికాళ్లు రుద్దసాగింది. ఎంతసేపటికీ దీపం వెలగలేదు. ముసలాయన ఎగశ్వాస తీస్తున్నాడు. రుద్ది రుద్ది కోటేశ్వరమ్మకు చేతులు పడిపోతాయనిపించినప్పుడు దీపం మిణుకుమంది, ఆక్సిజన్ బుస వినిపించింది.

"బతికించావే తల్లీ!" అంది బీబీజాన్.

కోటేశ్వరమ్మకు కిందటివారం దీపాలు ఆరగానే తన చేతులతో ముసుగు కప్పిన ముగ్గురూ కళ్లముందు మెదిలారు. వాళ్లలో ఒక్కరినైనా పిలిచి చూడలేదు.