నాలుగడుగుల పదంగుళాల వంటిల్లు

"ముందు మనుషుల్ని పెట్టండి, గోడల సంగతి తర్వాత." ఇంటి ప్లాను కోసం వచ్చే ప్రతి ఒక్కరికీ హైమావతి మొదట చెప్పే మాట అదే. ఉండబోయేవాళ్ల ఎత్తు, వయసు, పనివేళలు ఇస్తే చాలు. సాఫ్ట్‌వేర్ ఆ మనుషుల్ని తెర మీద నడిపిస్తూ చుట్టూ ఇల్లు గీసుకుంటూ పోతుంది.

కిందటిసారి భార్య కనకరత్నంతో కలిసి వచ్చిన అబ్బులు ఈరోజు ఒక్కడే వచ్చాడు.

"మా ఆవిడ పోయిందండి. రేపు ఇళ్లు ప్రింటు చేసే మిషనొచ్చి సిమెంటుతో ఇల్లు పోసేత్తాది. ఈలోగా ప్లాను మార్చాలి."

హైమావతి పాత ప్లాను తెరిచింది. తెర మీద కూర తరుగుతున్న కనకరత్నం బొమ్మని తీసేసింది. ఇల్లు వెంటనే సర్దుకుంది. వంటగట్టు అబ్బులు ఎత్తుకి తగ్గట్టు అర అడుగు పైకి లేచింది. వీధి కనబడాలని ఆవిడ అడిగి పెట్టించుకున్న కిటికీ గోడలో కలిసిపోయింది.

అబ్బులు తెర మీద కిటికీ ఉన్న చోట వేలు పెట్టాడు.

"మళ్లీ పెట్టెయ్యండి మేడమ్."

"గట్టు మీకు మరీ కిందకైపోద్దండి. నడుం పట్టేస్తుంది."

"వంగి వండుకుంటానండి."

హైమావతి మళ్లీ పేరు కొట్టింది. ఎత్తు, నాలుగడుగుల పదంగుళాలు. తెర తర్వాతి ప్రశ్న వేసింది: రోజుకి ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు? ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అప్పుడు పది అని రాయించామండి, రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్లేది కదా," అన్నాడు అబ్బులు. "ఇప్పుడు ఇరవై నాలుగూ వేసెయ్యండి."