ఆడవాళ్ళ గది

ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే దానాంగ్ ఎదురెళ్ళాడు.

"రండమ్మా, ఆడవాళ్ళ గది ఇటు."

"నన్ను ఉజాంగ్ రమ్మన్నాడు బాబూ. గేము పని మీద..."

"గేము అక్కడే ఉందమ్మా."

ఇండోనేషియాలో, బాందుంగ్‌లోని ఆ వీడియో గేముల కంపెనీలో ఆ రోజు ఆడమనిషి అడుగుపెడితే చాలు, గులాబీ రంగు గదిలోకి తోలేస్తున్నారు. కార్తిని దినానికి ఆడవాళ్ళ కోసం కొత్త గేము వదులుతున్నారు మరి.

ఆడపిల్లలకు చదువు కావాలని పోరాడిన మనిషి పేరు మీద పండగ. దానికి దానాంగ్ సిద్ధం చేసింది సెకార్ అనే బొమ్మని. శత్రువు మీదికొస్తే సెకార్ పౌడరు రాసుకుంటుంది, ఒంటి మీది కెబాయా రవిక మారుస్తుంది. అది చూసి శత్రువు మెత్తబడి కూర్చుంటాడు. ఒళ్ళు మండదూ?

నిజానికి కంపెనీకి తిండి పెడుతున్నది విరా అనే పాత గేములోని మగ బొమ్మ. సిలాట్ అనే యుద్ధవిద్యలో వీరుడు. వాడి కొత్త భాగం ఈ నెలలో రాకపోతే కంపెనీకి తాళమేనని అక్కడ అందరికీ తెలుసు.

ఆవిడ సెకార్‌ని కాసేపు ఆడించింది. నలభై అయిదేళ్ళుంటాయి. పేరు తితిన్.

"ఈ పిల్ల తన్నదా?"

"తన్నితే కెబాయా నలిగిపోదూ?" అన్నాడు దానాంగ్. గదిలో ఉన్న మిగతా ఆడవాళ్ళు మొహమాటానికి నవ్వారు. ఒక్కొక్కరి ఒళ్ళో కంపెనీ పంచిన పౌడరు డబ్బా ఉంది.

తితిన్ నవ్వలేదు. విరాలాగే ఈ పిల్లా కాలెత్తితే మీ సొమ్మేం పోయిందని నిలదీసింది.

"విరా నడకలోనే మగతనం ఉందమ్మా. ఆ తన్ను ఆడదాని ఒంటికి ఎక్కడొస్తుంది?"

ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసింది. ముఖం ఎర్రబడింది. తనకిచ్చిన పౌడరు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది నువ్వే రాసుకో నాయనా. ఇంకెప్పుడూ నన్ను పిలవొద్దని ఉజాంగ్‌తో చెప్పు. చచ్చినా ఈ గడప తొక్కను."

వెళ్ళిపోయింది. కొందరికి మంచి చేసినా ముక్కు మీదే కోపమని దానాంగ్ మిగతావాళ్ళతో జోకులేశాడు.

పదిన్నరకు బొమ్మల్ని కదిలించే ఉజాంగ్ హడావిడిగా వచ్చాడు. చేతిలో ఒంటికి వేసుకునే నల్లటి తొడుగు, దాని నిండా కుట్టిన తెల్లటి చిన్న ఉండలు. అది వేసుకున్న మనిషి ఎలా కదిలితే కంప్యూటర్లో బొమ్మ అలా కదులుతుంది. తితిన్ అక్క వచ్చిందా అని అడిగాడు.

దానాంగ్ జరిగింది జరిగినట్టు, కాస్త కులుకుతూనే చెప్పాడు. వింటూ వింటూ ఉజాంగ్ కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత రెండుసార్లు ఫోను చేశాడు. ఆవిడ ఎత్తలేదు.

"ఆవిడ సంగతి వదిలెయ్. విరా కోసం ఈ తొడుగు వేసుకునే మగాడు ఇంకా రాలేదా?" అన్నాడు దానాంగ్.

ఉజాంగ్‌కి చిర్రెత్తింది.

"మగాడెవడ్రా దానాంగ్? ఆరేళ్ళుగా విరా నడిచిన ప్రతి నడకా, తన్నిన ప్రతి తన్నూ ఈ తొడుగు వేసుకుని ఆవిడ చేసినవే."