గట్టు మీద నడక

మోకాళ్లు సలుపుతున్నా, తళి ఊరి చామంతి తోటలో నంజమ్మ ఆడవాళ్లతో పాటు నేల మీద కూర్చుని జరుగుతూ కలుపు తీస్తోంది. షుగరు తగ్గలేదని కృష్ణగిరి ఆసుపత్రిలో ఆమె మోకాళ్ల ఆపరేషన్ మళ్లీ వాయిదా వేశారు. తోడికోడలు చిక్కమ్మకు మాత్రం కొత్త మోకాళ్లు వచ్చేశాయి.

ఆ చిక్కమ్మ గట్టు మీద ఇటూ అటూ తిరుగుతోంది.

నాకు చూపించేదానికే ఆ నడక, అని నంజమ్మ పళ్లు నూరింది. చిక్కమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆడవాళ్లతో చెప్పే కబుర్లు ఆపేస్తోంది.

చివరికి ఉండబట్టలేక అడిగింది. "ఏం చిక్కమ్మా, ఇంటికాడ తిరగరాదా?"

"ఆడ ఎవరుండారక్కా? డాక్టరు నన్ను కింద కూర్చోవద్దన్నాడు. మీ మాటలు ఇనేదానికే ఈడికి వస్తా ఉండా. నేను దగ్గరికి వస్తానే మీరు ఊరకైపోతా ఉండారు."

నంజమ్మ కాసేపు కలుపు పీకింది. తర్వాత, ఆపేసిన కబురును మొదటినుంచి, గట్టు దాకా వినపడేలా ఎత్తుకుంది.