వచ్చిపోయిన మనిషి

"నాన్నగారిని కలవాలమ్మా. జెర పక్కకు జరుగుండ్రి."

నెత్తిన టోపీ, చేతిలో జపమాలతో గది గుమ్మంలో నిలబడ్డ ముసలాయన్ని చూసి ఝాన్సీలక్ష్మికి ఒళ్ళు మండింది.

ఇక బతకరని తేలిన రోగులను చూసుకునే ఆసుపత్రి అది, బొల్లారంలో. ప్రార్థనలు చేసేవాళ్ళు, ధైర్యం చెప్పేవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఈయనా ఆ బాపతే అనుకుంది.

తండ్రి రామభద్రరావుకు క్యాన్సరని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు మాత్రం అల్సరని చెప్పి నెట్టుకొస్తున్నారు. మన ఇళ్ళలో అంతే కదా, రోగం ఒకరిది, గుట్టు ఇంటిల్లిపాదిదీ.

ఇప్పుడీయన లోపలికెళ్ళి తలమీద చెయ్యిపెట్టి దువా చేశాడంటే నాన్నకు అసలు సంగతి తెలిసిపోతుంది, కొంప మునిగినట్టే.

"మీరు నాన్నకు ఏమవుతారు?"

ముసలాయన జపమాల జేబులో పెట్టుకున్నాడు.

"ఏం కానమ్మా. ఒక్క మాట చెప్పి పోతా. ఆయన మనసు తేలికైతది."

మాకు మా దేవుళ్ళున్నారు, మీ ప్రార్థనలేం వద్దని మొహానే చెప్పేసింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సరే బిడ్డా. కలీముల్లా వచ్చిండని మాత్రం చెప్పు. గంతే చాలు."

అలాగే అంది. చెప్పలేదు.

సాయంత్రం రామభద్రరావు తనకోసం ఎవరైనా వచ్చారా అని అడిగాడు. కొన్నాళ్ళుగా అదే ప్రశ్న, అదే బెంగ. కంటిమీద కునుకు లేదు మనిషికి.

"ఎవరూ రాలేదు నాన్నా. పడుకోండి."

"రాడులే. ఎందుకొస్తాడు?"

ఎవరు నాన్నా అని ఝాన్సీ అడిగింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారేసరికి ప్రాణం పోయింది. కళ్ళు తెరిచే ఉంటే ఝాన్సీయే మూసింది.

రోగుల మనసులో బరువు దించడం ఆ ఆసుపత్రిలో ప్రిసిల్లా పని. ఆవిడ వచ్చి ఝాన్సీ పక్కన కూర్చుంది.

"ఏడవకండి. నిన్న కలీముల్లాగారు వచ్చారుగా, నాన్నగారు నెమ్మదిగానే వెళ్ళుంటారు. క్యాన్సరని తెలిశాక ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఎలాగైనా కలీముల్లాగారిని వెతికి పిలిపించమని."

ఝాన్సీ చటుక్కున తలెత్తింది. క్యాన్సరని నాన్నకు తెలుసా?

"ఎవరాయన?" అని అడిగింది.

మీకు చెప్పొద్దన్నారు, ఇక దాచి ఏం లాభం అంటూ ప్రిసిల్లా ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ చిన్నప్పుడు మెట్టుగూడలో మీ నాన్నగారి కారు కింద పడి ఒక పాప చనిపోయింది. ఆ పాప తండ్రి ఆయన, క్షమించానని చెప్పిపోదామని వచ్చారు."