వాసు వంతు

"ఏ రోజు ఎక్కడికెల్దామో మీరే సెప్పండి," అని పద్మిని స్కాట్లాండ్ మ్యాపుని పిల్లలిద్దరి ముందు పరిచింది.

"మొదట కోట. తరవాత సరస్సు. పడవ, రైలు కూడా!" కూతురే రోజులన్నీ నింపేసింది. దాని అన్న వాసు నవ్వుతూ తలూపాడు.

"నీకేటీ వద్దేట్రా?" పద్మిని వాడి ముఖం చూడలేక, వాడి మొహింగా (చేపల పులుసు నూడుల్స్) గిన్నెలో ఇంకో గుడ్డు వేసింది.

వచ్చే నెల వాడికి పద్దెనిమిది నిండుతాయి. ఇక ఇక్కడే బర్మాలో, ఈ యాంగోన్‌లోనే ఉంటే, సైన్యంలో చేరి తీరాలని పిలుపు ఎప్పుడైనా రావచ్చు. అందుకే గ్లాస్గోలో వాడి పిన్ని దగ్గర వదిలేసి రావాలనుకుంది. వాడికి మాత్రం సెలవులకనే చెప్పింది. వాడొక్కడికే తిరుగు టికెట్ తీయలేదు.

"దాన్నే సూడనీ అమ్మా," అన్నాడు వాసు, గుడ్డు చెల్లెలి గిన్నెలో వేస్తూ. "మీరు తిరిగొచ్చేసినాక నాను సావకాసంగా సూసుకుంతాను."