కొండవాడ రంగు

“కొండవాడని ముంచింది నువ్వే!” ఆఫీసు ఆవరణలోనే మొగుణ్ణి నిలదీసింది, ఆరోగ్యశాఖలో పటాలు గీసే ఆవిడ.

అంబులెన్సు అద్దం తుడుస్తున్న డ్రైవరు వెనక్కి తిరిగాడు. “నేనేం చేశానే?”

“బండి తోలావు! చూడు.” చేతిలోని ట్యాబు అతని మొహం ముందు పెట్టింది. అంబులెన్సు అరగంటలోపు పెద్దాసుపత్రికి చేర్చగలిగే చోట్లన్నీ పచ్చరంగు. మిగతావి ఎరుపు. ఎర్రగా ఉన్నచోటే కొత్త ఆసుపత్రి కడతారు. కొండవాడ నవనవలాడుతూ పచ్చగా ఉంది. “నువ్వు గాల్లో ఎగరేసుకొస్తున్నావు. వీళ్లకేం లోటంటున్నారు పైవాళ్లు.”

మనుషుల్ని అడగరు, రంగుల్ని అడుగుతారు. అదీ పైవాళ్ల తెలివి.

“అయితే వెనకాల మనిషి గిలగిలా కొట్టుకుంటుంటే నెమ్మదిగా తోలమంటావా?”

“తోలి చూడు, ఆ రోజే పుట్టింటికి పోతా! ఇవాళ అధికారి స్వయంగా కొలవడానికొస్తున్నాడు. ఖాళీ బండేగా? అందరిలా తోలు, చాలు.”

“మహాతల్లీ, నీ కోసం నత్తలా తోలతా.”

అధికారి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆవిడ ముందు, మొగుడి పక్కన. బండి తాపీగా కొండెక్కి కొండవాడ చేరింది. అక్కణ్ణించి కొలత మొదలు. బండి తిప్పారో లేదో, నిండు గర్భిణిని పట్టుకుని ఒక పెద్దావిడ అడ్డమొచ్చింది.

“నాయనా, మా పిల్లకి నెప్పులు! ఆపు!”

తల్లీకూతుళ్లను వెనక ఎక్కించారు. డ్రైవరు పెళ్లాం వైపు చూశాడు.

“నా మొహం చూస్తావేంటి? తొక్కు!”

తొక్కాడు. సైరను హోరులో మలుపులన్నీ వెనక్కి పోయాయి. ఆసుపత్రి గుమ్మం ముందు బండి ఆగాక ఆవిడ టైము చూసింది. ఇంకా అరగంట కాలేదు.

“పచ్చే” అంది. “పోయింది మన ఆసుపత్రి.”

“పోతే పోనీ, మళ్లీ కొట్లాడదాం. నువ్వు తొక్కమనకపోతే నేనే నిన్ను పుట్టింటికి పంపేవాణ్ణి.” ఆమె తల నిమిరి, దిగి వెనక తలుపు తీశాడు.

పెద్దావిడ కూతురి నుదురు తుడుస్తోంది. అధికారి కింద చతికిలబడి ఉన్నాడు. ఒంటిమీద చొక్కా లేదు. అది ఆయన ఒళ్లో మూటగా ఉంది, కేరుకేరుమంటోంది.

“వెనక ఎక్కింది ముగ్గురం, దిగేది నలుగురం!” అరిచాడాయన. “ఎరుపు వెయ్యమ్మా, ఎరుపు!”